ఫొటో వెనక్కి తిప్పి చూశారా?

మీ ఇళ్లలోని పాత ఫొటోల గురించి అడగండి అని రెండు సంచికల కిందట ఈ శీర్షికలో రాసినప్పుడు పదో పదిహేనో ఉత్తరాలు వస్తాయనుకున్నాను. ఒక సంచి నిండా వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం రైలు స్టేషను ఉన్న చిన్న ఊళ్ల నుంచే రావడంలో వింత లేదు. రైలు వచ్చిన ఊరికి ఫొటోగ్రాఫరు కూడా త్వరగానే వచ్చేవాడు. రైల్వే ఉద్యోగం అంటే నెల జీతం, బదిలీ, బదిలీ అయితే వీడ్కోలు సభ, సభ అయితే గ్రూపు ఫొటో. ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే ఇస్తున్నాను. ఇంటి విషయాలు కనుక ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మా తాతగారు రైల్వేలో పనిచేశారు. ప్లాట్‌ఫారం మీద పదహారు మందితో ఆయన దిగిన గ్రూపు ఫొటో ఒకటి మా దగ్గర ఉంది. వెనక తేదీ లేదు. 1930 ప్రాంతంలోదని మా బాబాయిగారు, కాదు స్వరాజ్యం వచ్చాక తీసినదని మా నాన్నగారు ఇరవై ఏళ్లుగా వాదించుకుంటున్నారు. స్కాన్ పంపుతున్నాను. తేల్చగలరా? – ఒక పాఠకురాలు, నిడదవోలు

జవాబు: మీ నాన్నగారే గెలిచారు. అయితే ఈ సంగతి బాబాయిగారికి కాస్త నెమ్మదిగా చెప్పండి.

ఈ ఫొటో చూడగానే ఎవరి కళ్లయినా మధ్యలో దండ వేసుకుని కూర్చున్న పెద్దాయన మీదికే పోతాయి. తేదీ మాత్రం ఆయన దగ్గర లేదు. ఎడమ అంచున సగం తెగిపోయి కనిపిస్తున్న ఇంజను ముక్కులో ఒక సగం ఉంది, రెండో వరసలో నిలబడిన మనిషి టోపీ బిళ్లలో మిగతా సగం ఉంది.

ముందు ఇంజను సంగతి. పాత ఆవిరి ఇంజన్ల ముందు భాగం పెద్ద డోలును నిలబెట్టినట్టు బల్లపరుపుగా ఉంటుంది. మీ ఫొటోలోది అలా లేదు. శంఖంలా ముందుకు పొడుచుకు వచ్చి, దాని మీద నక్షత్రం గుర్తు లీలగా కనిపిస్తోంది. అది డబ్ల్యూపీ రకం ఇంజను. ఆ రకంలో మొదటివి 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి మన దేశానికి వచ్చాయి. మెయిళ్లను, ఎక్స్‌ప్రెస్‌లను లాగిన ఈ ఇంజన్లను, ఆ రైళ్లు ఎక్కి తిరిగిన పెద్దలు ఇప్పటికీ ఆ ముక్కును బట్టే గుర్తు పడతారు. కాబట్టి 1930 అనే మాట ఇక్కడితో ఆగిపోతుంది.

ఇక టోపీ బిళ్ల. స్కాన్‌ను పెద్దది చేసి చూస్తే మొదటి మూడు అక్షరాలు ఎం, ఎస్, ఎం అని చదవవచ్చు. అది మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. మీ ఊరి మీదుగా పోయే లైను చేతులు మారిన చరిత్ర తెలిస్తే ఆ అక్షరాల విలువ అర్థమవుతుంది. బెజవాడ నుంచి ఉత్తరంగా పోయే ఈ లైను 1893లో ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో మొదలైంది. 1901లో వాల్తేరు దాకా ఉన్న దక్షిణ భాగం మద్రాస్ రైల్వే చేతికి వచ్చింది. 1908లో ఆ కంపెనీ కలిసిపోయి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే ఏర్పడింది. 1951 ఏప్రిల్ 14న అది దక్షిణ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. అంటే ఒకే స్టేషనులో, ఒకే బల్ల ముందు కూర్చున్న గుమాస్తా కుటుంబంలో తాత టోపీ మీద ఒక పేరు, కొడుకు టోపీ మీద ఇంకో పేరు, మనవడి గుర్తింపు కార్డు మీద మరో పేరు ఉండే వీలుంది. ఆ పేరే మనకు గడియారం.

ఈ రెండూ కలిపితే మీ ఫొటో 1947కు తర్వాత, 1951కి అటూ ఇటూగా తీసినదని వస్తుంది. అటూ ఇటూ అని ఎందుకంటున్నానంటే, రైల్వే పేరు ఒక్క రోజులో మారినా టోపీ బిళ్ల ఒక్క రోజులో మారదు. కొత్త యూనిఫారం చేతికి అందేదాకా పాతదే పెట్టుకుని డ్యూటీకి వచ్చినవారు తప్పక ఉంటారు. ఇంకా దగ్గరకు రావాలంటే ఫొటోను వదిలి ఇనప్పెట్టె తెరవండి. తాతగారి సర్వీసు కాగితాలు, పింఛను కాగితాలు ఎక్కడైనా ఉంటే ఆయన ఏ స్టేషనులో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉన్నారో తెలుస్తుంది. దండ మధ్యలో ఉన్న పెద్దాయన మెడలో ఉంది కనుక అది ఆయన వీడ్కోలు, తాతగారిది కాదు. ఆ పెద్దాయన ఎవరో తెలిస్తే నెల కూడా దొరుకుతుంది.

ఇలాంటి ఫొటోలు ఉన్న మిగతా పాఠకులకు రెండు మాటలు. స్టేషను పేరు పలక మీద హిందీ అక్షరాలు కనిపిస్తే మన ప్రాంతంలో అది దాదాపుగా స్వాతంత్ర్యం తర్వాతిదే. రైలు పెట్టె మీద మూడో తరగతిని సూచించే మూడు నిలువు గీతలు ఉంటే 1974కు ముందుది, ఎందుకంటే ఆ ఏడాది మూడో తరగతిని ఎత్తేశారు. వాల్తేరుకు ఉత్తరాన పనిచేసినవారి టోపీల మీద బీఎన్ఆర్ అని, అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే అని, నైజాం ఇలాకాలో పనిచేసినవారి సామాన్ల మీద ఎన్.జి.ఎస్.ఆర్. అని గానీ ఎన్.ఎస్.ఆర్. అని గానీ ఉంటుంది. ఈ చివరి రెంటిలో 'జి' ఉందా లేదా అన్నది చూడండి. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అన్న పేరులోని 'గ్యారంటీడ్' అన్న మాటకు గుర్తు అది. 1930లో ఆ రైల్వేను నిజాం ప్రభుత్వమే తీసుకోవడంతో ఆ అక్షరం పోయింది.

ప్రశ్న: మా అమ్మమ్మ, తాతయ్య పక్కపక్కన ఉన్న ఫొటో పటం కట్టించి హాల్లో పెట్టుకున్నాం. తాతయ్య ముప్పై రెండో ఏట పోయారు. ఫొటోలో అమ్మమ్మకు నలభై దాటినట్టు కనిపిస్తోంది. మా పిల్లలు లెక్క వేసి అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియడం లేదు. – ఒక పాఠకురాలు, సామర్లకోట

జవాబు: పిల్లల లెక్క సరైనదే. ఆ ఇద్దరూ ఆ కుర్చీల్లో ఎప్పుడూ కలిసి కూర్చోలేదు.

పటాన్ని గోడ మీద నుంచి దించి, అద్దం తీయకుండానే, పగటి వెలుగులో భూతద్దం పెట్టి చూడండి. తాతయ్య ముఖం మీద వెలుగు కుడివైపు నుంచి పడుతోంది, అమ్మమ్మ ముఖం మీద ఎడమవైపు నుంచి పడుతోంది. అమ్మమ్మ కుర్చీ కాళ్ల కింద చాప మీద నీడ ఉంది. తాతయ్య కుర్చీ కింద లేదు. ఆయన భుజం చుట్టూ సన్నని గీత, ఆ గీత వెంట కుంచెతో దిద్దిన బూడిద రంగు కనిపిస్తాయి. ఆయనది పెళ్లి నాటిదో ఉద్యోగంలో చేరిన నాటిదో ఒక పాత ఫొటో. దానిని కత్తిరించి, తర్వాత దిగిన అమ్మమ్మ ఫొటో పక్కన అతికించి, అతుకు కనిపించకుండా కుంచెతో దిద్ది, దాన్నంతా మళ్లీ కెమెరాతో తీసి కొత్త నెగెటివు తయారు చేశారు. మన ఊళ్లలో చేయి తిరిగిన స్టూడియో వాళ్లకు ఇది తెలిసిన పనే.

ఇంకొకటి కూడా చూడండి. అమ్మమ్మ నుదుటి బొట్టు, చెవి పక్కన కనిపించే పూలు మిగతా ఫొటోకన్నా నల్లగా, అంచులు మరీ తీరుగా ఉన్నాయి. అవి కెమెరా పట్టినవి కావు, కుంచె పెట్టినవి. ఆ రోజుల్లో ఆ వయసు విధవరాలు బొట్టు పెట్టుకుని, పూలు పెట్టుకుని స్టూడియోకు వెళ్లగలిగేది కాదు. ఎవరో, బహుశా ఆమె పిల్లలే, స్టూడియో ఆయనతో చెప్పి ఆ బొట్టు పెట్టించారు. దీన్ని దొంగ ఫొటో అని మాత్రం పిల్లలకు చెప్పకండి. ఇద్దరి ఫొటోలూ వేర్వేరు కాలాలవి అని చెప్పి, అతుకు ఎక్కడుందో వాళ్లనే వెతకమనండి. పటం వెనక కూడా ఆ సంగతి పెన్సిలుతో రాసి పెట్టండి.

ప్రశ్న: ఫొటో వెనక "శ్రీముఖ మాఘం" అని మాత్రమే ఉంది. ఇది ఏ సంవత్సరం? – ఒక పాఠకుడు, పిఠాపురం

జవాబు: శ్రీముఖ నామ సంవత్సరం 1933 ఉగాదితో మొదలైంది. మాఘం ఆ తెలుగు సంవత్సరం చివర వస్తుంది కనుక మీ ఫొటో 1934 జనవరి, ఫిబ్రవరి నెలల నాటిది. తెలుగు సంవత్సరాలు అరవైకి ఒకసారి తిరిగి వస్తాయి కాబట్టి 1874 గానీ 1994 గానీ అయ్యే వీలు కాగితం మీద ఉంది. కానీ మీరు చెప్పిన బుట్ట చేతుల రవిక, గాజు పలక నెగెటివు ఆ రెంటికీ ఒప్పుకోవు. లెక్క వేసుకోవాలనుకునేవారు ప్రభవ 1927లో వచ్చిందని గుర్తుంచుకుంటే చాలు. అక్కడి నుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. మాఘం, ఫాల్గుణం అని ఉన్నప్పుడు మాత్రం ఇంగ్లీషు సంవత్సరానికి ఒకటి కలపడం మరవకండి. చాలా ఇళ్లలో ఏడాది తప్పు పడేది అక్కడే.

ప్రశ్న: మా ముత్తాత, ఆయన అన్నదమ్ములు ఒక పెద్ద కట్టడం ముందు నిలబడి ఉన్న ఫొటో ఇది. స్తంభాలు చూస్తే గుడిలా, గుమ్మటాలు చూస్తే మసీదులా ఉంది. మేం క్రైస్తవులం. ఫొటో వెనక ఉర్దూ అంకెల్లో 1348 అని ఉందట, మా పక్కింటి పెద్దాయన చదివి చెప్పారు. హిజ్రీ అనుకుని లెక్కవేస్తే 1929 వస్తోంది. సరేనా? – ఒక పాఠకుడు, మహబూబాబాద్

జవాబు: కట్టడం మీకు అరగంట రైలు ప్రయాణంలో ఉంది. అది డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథడ్రల్. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు అని మీరు తికమక పడ్డారే, కట్టించినవారు కోరుకున్నది సరిగ్గా అదే. తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టి, 1912 డిసెంబరులో కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య డోర్నకల్ కేంద్రంగా పనిచేశారు. ఈ దేశపు కట్టడాల తీరులోనే ఈ దేశపు చర్చి ఉండాలన్నది ఆయన పట్టుదల. ఏళ్ల తరబడి సాగిన ఆ నిర్మాణం ముగిసి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది.

ఇప్పుడు మీ అంకె. అది హిజ్రీ కాదు, ఫసలీ. అంకె చివర చిన్న 'ఫే' అక్షరం ఉందేమో మీ పక్కింటి పెద్దాయనను మళ్లీ చూడమనండి. నైజాం రాజ్యంలో సర్కారు కాగితాలన్నీ ఫసలీ సంవత్సరంలో నడిచేవి. అది అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1348 ఫసలీ అంటే 1938 అక్టోబరు నుంచి 1939 అక్టోబరు దాకా. ప్రతిష్ఠ జరిగిన జనవరి ఆ ఏడాదిలోనే పడింది. మీ ముత్తాతలు ఆ పండుగకే వచ్చి ఫొటో దిగారని ఖాయంగా చెప్పలేను గానీ, నలుగురు అన్నదమ్ములూ ఒకే రకం కొత్త కోట్లు వేసుకుని, ఒకరి కోటు చేతులు వేళ్ల దాకా జారి ఉండడం చూస్తే ఏదో పెద్ద రోజే అనిపిస్తుంది. ఫొటోలో తెల్లని అంగీ, మెడలో శిలువతో అజరయ్యగారు కనిపిస్తే 1945కు ముందుదన్న సంగతి కూడా ఖాయమవుతుంది. ఆయన ఆ ఏడాది జనవరి 1న కన్నుమూశారు.

సర్కారు జిల్లాల పాఠకులు కూడా తమ ఇళ్లలోని భూమి కాగితాల మీద ఫసలీ అంకెలు చూసి ఉంటారు. లెక్క అదే, కాకపోతే మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ సంవత్సరం జూలై 1న మొదలయ్యేది.

ప్రశ్న: మా నాయనమ్మకు నాయనమ్మ ఒక్కతే కూర్చుని దిగిన ఫొటో అట్టకు అంటించి ఉంది. అట్ట అడుగున బంగారు అక్షరాల్లో రాజా దీన్‌దయాళ్ అని ఉంది. ఆమె పరాయి మగవాళ్ల ఎదుటికి రాలేదని మా ఇంట్లో చెప్పుకుంటారు. మరి ఫొటో ఎలా దిగింది? – ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: పరాయి మగవాడి ఎదుటికి రాకుండానే దిగి ఉండవచ్చు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ఫొటోలు తీస్తూ పేరు తెచ్చుకున్న దీన్‌దయాళ్ 1880లలో సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. 1892లో హైదరాబాదులో ఆడవాళ్ల కోసమే ఒక జెనానా స్టూడియో తెరిచారు. దాన్ని కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు దొరసాని నడిపేవారు. చుట్టూ ఎత్తు గోడలు, లోపల అంతా ఆడవాళ్లే. సికింద్రాబాదు నుంచి వరంగల్ వైపు రైలు అప్పటికే నడుస్తోంది కనుక మీ ఊరి నుంచి వెళ్లి రావడం కష్టం కాదు.

'రాజా' అన్నది నిజాం 1894లో ఇచ్చిన బిరుదు. కాబట్టి ఆ మాట అచ్చయిన అట్ట అంతకు ముందుది కాదు. ఆయన 1905లో పోయారు, పేరు మాత్రం తర్వాత కూడా కొనసాగింది. కాగితం పలచగా ఉండి, నలుపు స్థానంలో ఇటుక గోధుమ రంగు, తెలుపు స్థానంలో లేత పసుపు వస్తే అది గుడ్డులోని తెల్లసొన పూసిన కాగితం మీద అచ్చు వేసినది, అంటే ఆ కాలపు తొలి భాగానిది. నలుపు తెలుపు స్పష్టంగా ఉండి, పక్కకు వంచి చూస్తే అంచుల్లో వెండి పూత తేలినట్టు మెరిస్తే ఆ తర్వాత వచ్చిన జెలటిన్ కాగితం. ఆ మెరుపు తుడిస్తే పోయేది కాదు, దయచేసి తుడవకండి.

ప్రశ్న: మా ఊరి స్టేషనులో రైలు తలుపు దగ్గర నిలబడిన గాంధీగారి ఫొటో మా ఇంట్లో ఉంది. 1921లో బెజవాడ సభకు వెళ్లేటప్పుడు తీసినదని మా తాతగారు చెప్పేవారు. ఆ శీర్షికతో ఊరి గ్రంథాలయానికి ఇవ్వాలనుకుంటున్నాం. – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఫొటో తప్పకుండా ఇవ్వండి, శీర్షిక మాత్రం మార్చండి. బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశం జరిగింది 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో. పింగళి వెంకయ్యగారు జెండా నమూనా గాంధీగారి చేతిలో పెట్టిన సందర్భం అది. అప్పటికి గాంధీగారు నిండుగా బట్టలు కట్టుకునేవారు: పంచె, చొక్కా, తల మీద టోపీ. అంగవస్త్రం, మోకాళ్ల పంచె తప్ప అన్నీ వదిలేసింది అదే ఏడాది సెప్టెంబరులో, తమిళనాడులోని మదురైలో. మీ ఫొటోలో ఆయన తల మీద టోపీ లేదు, ఒంటి మీద శాలువా మాత్రమే ఉంది. కాబట్టి ఇది ఆ ఏప్రిల్ నాటిది కాదు.

ఖద్దరు నిధి కోసం 1929 ఏప్రిల్, మే నెలల్లో ఆయన ఆంధ్ర ప్రాంతమంతా తిరిగారు. హరిజన యాత్రలో 1933 డిసెంబరులో మళ్లీ వచ్చారు. చుట్టూ ఉన్న జనం బట్టలు చూడండి. ఎవరి ఒంటి మీదా శాలువా గానీ స్వెట్టరు గానీ లేదు, ముగ్గురు నలుగురి చేతుల్లో తాటాకు విసనకర్రలు ఉన్నాయి. నేనైతే 1929 వేసవి వైపు మొగ్గుతాను. తాతగారు అబద్ధం చెప్పారని అనుకోవద్దు. ఆయన 1921లోనూ చూసి ఉంటారు, 1929లోనూ చూసి ఉంటారు. ఫొటో ఒకటే ఉండడంతో రెండు జ్ఞాపకాలూ దానికే అంటుకున్నాయి.

ప్రశ్న: "రాజమండ్రి హేవలాక్ బ్రిడ్జి, 1900" అని ఎవరో రాసిన ఫొటో నా దగ్గర ఉంది. అమ్మితే ఎంత వస్తుంది? – ఒక పాఠకుడు, కొవ్వూరు

జవాబు: ధర సంగతి నేను చెప్పను. మీ ఫొటోలో వంతెన పైన బస్సు, కింద రైలు వెళ్తున్నాయి. అది 1974లో తెరిచిన రోడ్డు కం రైలు వంతెన. హేవలాక్ వంతెన మీద బస్సు ఎప్పుడూ పోలేదు. దాన్ని ఎఫ్.టి.జి. వాల్టన్ అనే ఇంజనీరు పర్యవేక్షణలో 1897లో మొదలుపెట్టి, రాతి స్తంభాల మీద 56 అంకణాలుగా ఇనప దూలాలు పరిచి, 1900 ఆగస్టులో రైళ్లకు తెరిచారు. అప్పటిదాకా మీ ఊరి నుంచి అవతలి ఒడ్డుకు పడవే దిక్కు. 1997లో ఆ వంతెనకు విశ్రాంతి ఇచ్చారు.

ప్రశ్న: మా మండువా ఇంటి ఫొటో పంపుతున్నాను. 1850లో కట్టిందని అంటారు. ఫొటో కూడా అప్పటిదేనా? – ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: ఇంటి వయసు వేరు, ఫొటో వయసు వేరు. చూరు మీద కనిపిస్తున్నవి కుమ్మరి సారె మీద చేసిన గుండ్రటి నాటు పెంకులు కావు, గాడులున్న బల్లపరుపు మంగళూరు పెంకులు. బాసెల్ మిషన్ అనే స్విట్జర్లాండు క్రైస్తవ సంస్థ వాళ్లు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1865లో. కప్పు తర్వాత మార్చి ఉంటారు కాబట్టి ఇల్లు 1850 నాటిదన్న మాటకు దీనివల్ల భంగం రాదు. ఫొటో మాత్రం 1865కు బాగా ఇటు తీసినది. ఎడమ వైపు అరుగు మీద గోడకు అంటించిన సినిమా పోస్టరు అంచు ఒకటి ఉంది. అక్షరాలు తెలుగువి. తెలుగు టాకీలు 1932లో మొదలయ్యాయి. వీధిలో కరెంటు స్తంభం ఎక్కడా లేదు. ఈ రెంటి మధ్య మీ ఫొటోను పెట్టుకోండి. ఆ కప్పు ఇప్పటికీ ఉంటే, ఎప్పుడైనా పెంకు దింపినప్పుడు దాని అడుగున అచ్చు వేసిన పేరు కాగితం మీద రాసుకోండి.

ప్రశ్న: బిట్రగుంటలో లోకో షెడ్డు దగ్గర, ఇన్‌స్టిట్యూట్ దగ్గర మా నాన్నగారు తీసిన చిన్న చదరపు ఫొటోలు ముప్పై దాకా ఉన్నాయి. వీటికి కూడా చరిత్ర విలువ ఉంటుందా? – ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: నా దృష్టిలో ఈ సంచిలో వచ్చిన వాటన్నిటికన్నా మీవే విలువైనవి. చదరంగా ఉన్నాయంటే, రోలుకు పన్నెండు ఫొటోలు వచ్చే 120 ఫిల్ముతో, బహుశా బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ లాంటి కెమెరాతో, 1960లు 70లలో తీసి ఉంటారు. స్టూడియోకు వెళ్లిన మనిషి స్టూడియో వాడి కోటు, స్టూడియో వాడి గడియారం పెట్టుకుని, వెనక రంగుల తెర మీద బొమ్మల తోట ముందు నిలబడతాడు. మీ నాన్నగారి ఫొటోల్లో ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్ నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు, గేటు ముందు సైకిళ్లు వరసగా ఉన్నాయి, క్వార్టర్ల వరండాలో ఆంగ్లో ఇండియన్ పిల్లలు క్యారమ్స్ ఆడుతున్నారు. ఆవిరి ఇంజన్లు పోవడంతో ఆ ఊరి కళే మారిపోయింది. అప్పటి రోజువారీ బతుకును తీసిపెట్టినవారు తక్కువ. నెగెటివులు కూడా ఉంటే ఫొటోలకన్నా ముందు వాటిని వెతకండి.

ప్రశ్న: పటంలోని ఫొటో అద్దానికి అంటుకుపోయింది. ఎలా విడదీయాలి? మళ్లీ పాడవకుండా లామినేషన్ చేయించమంటారా? – ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: విడదీయకండి, లామినేషన్ చేయించకండి. ఫొటో మీద ఉండే జెలటిన్ పొర తడి తగిలినప్పుడు జిగురై అద్దాన్ని పట్టుకుంటుంది. లాగితే కాగితం మీ చేతిలోకి, ముఖం అద్దం మీదికి వస్తుంది. అద్దంతో సహా నీడపట్టున నిలబెట్టి, కెమెరా వెనక నల్లటి గుడ్డ కట్టి, మెరుపు పడకుండా కొంచెం పక్క నుంచి మంచి కెమెరాతో తీయించండి. విడదీయడం తప్పదనుకుంటే మ్యూజియంలలో పరిరక్షణ పని తెలిసినవారి చేతికే ఇవ్వండి.

లామినేషన్ గురించి నా అనుభవం చెబుతాను. మా నాన్న చిన్నతనంలో మేనత్త ఒళ్లో కూర్చున్న ఫొటో ఒకటే ఉండేది. బజారులో ఒక దుకాణంలో లామినేషన్‌కు ఇచ్చాను. వేడికి పైపొర బుడగలు లేచింది, మేనత్త ముఖం సరిగ్గా ఆ బుడగల కింద ఉంది. అప్పుడు స్కాన్ తీసి పెట్టుకోవాలన్న ఆలోచన కూడా నాకు లేకపోయింది.

ముందు స్కాన్ తీయండి. 600 డీపీఐ తక్కువ కాకుండా, టిఫ్ ఫైలుగా, ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి. వెనక ఖాళీగా ఉన్నా సరే తీయండి. రబ్బరు బ్యాండు, సెల్లోటేపు, అంటించే ఆల్బం వద్దు. రాయాలంటే మెత్తటి పెన్సిలుతో వెనక అంచున రాయండి. బాల్ పెన్నుతో రాస్తే అక్షరాలు ముందు వైపు ముఖాల మీద తేలతాయి. రంగులు వేసే కంప్యూటర్ ప్రోగ్రాముల గురించి నలుగురు అడిగారు. ముచ్చటకు నకలు మీద వేసుకోండి, మూలం జోలికి పోకండి. అమ్మమ్మ పెళ్లి చీర ఏ రంగో ఆ యంత్రానికి తెలియదు.

ప్రశ్న: పెట్టె నిండా ఫొటోలు ఉన్నాయి. ఎవరు ఎవరో చెప్పగలిగిన మా పెద్దమ్మగారికి ఎనభై ఎనిమిదేళ్లు, చూపు తగ్గింది. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఈ ఆదివారమే మొదలుపెట్టండి. ఒక్కో గ్రూపు ఫొటో మీద పలచటి ట్రేసింగ్ కాగితం పెట్టి, తలల ఆకారాలు మాత్రం గీసి, అంకెలు వేయండి. ఫొటోను పెద్దదిగా, ఒక కాగితానికి ఒక్క ముఖం చొప్పున ప్రింటు తీయించి ఆమె చేతికివ్వండి. ఒక్క పూటలో ఐదారుకు మించి చూపించకండి. ఫోను రికార్డు పెట్టి పక్కన వదిలేయండి. ఇది ఎవరు పెద్దమ్మా అని మాత్రమే అడగండి, ఆమె చెప్పేదాకా మీకు తెలిసినట్టు పేర్లు అందించకండి. మీరు అందించిన పేరే ఆమె నోట తిరిగి వస్తుంది. పేరు రాసినప్పుడు పక్కన ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో రాయండి. ఇద్దరు పెద్దలు రెండు పేర్లు చెబితే రెండూ ఉంచండి.

ముఖం గుర్తు పట్టకపోతే ముఖం దగ్గరే ఆగిపోకండి. ఇలాగే ఒక పెద్దావిడ దగ్గర నేను కూర్చున్నప్పుడు ఆమె నాలుగు ఫొటోలు చూసి తెలియదని పక్కన పెట్టేశారు. ఐదో ఫొటోలో వెనక కిటికీలో పెట్టిన ఇత్తడి మరచెంబు కనిపించగానే, ఇది గార్డు గారి ఇల్లు, ఆ చెంబు మూత మాకు ఎప్పుడూ ఊడేది కాదు అన్నారు. ఆ తర్వాత ముందు నాలుగూ మళ్లీ అడిగి తీసుకున్నారు.